నాలుగు చక్రాల షంటింగ్ ఇంజను: చిన్న బండి వెనుక పెద్ద లెక్క

హౌరాలో బర్ధమాన్ వైపు వెళ్లే లోకల్ రైలు ఎక్కితే మొదట వచ్చే స్టేషను లిలువా. అక్కడ తూర్పు రైల్వే క్యారేజ్ అండ్ వ్యాగన్ వర్క్‌షాపు ఉంది. ఈస్ట్ ఇండియన్ రైల్వే కంపెనీ అంతకుముందు హౌరాలో నడిపిన ఈ మరమ్మతు శాలను 1900లో లిలువాకు మార్చారు. ప్రయాణికుల పెట్టెలు నిర్ణీత గడువు ప్రకారం ఇలాంటి చోటికి వచ్చి, చక్రాలు విప్పించుకుని, బ్రేకులు సరిచేయించుకుని, రంగు వేయించుకుని మళ్లీ లైను మీదికి వెళ్తాయి. సికింద్రాబాద్‌లో 1893 నుంచి నడుస్తున్న లాలాగూడ వర్క్‌షాపులోనూ, తిరుపతిలోని క్యారేజీ రిపేర్ షాపులోనూ జరిగేది ఇదే పని.

వర్క్‌షాపులోకి వచ్చిన పెట్టెకు ఒక ఇబ్బంది ఉంది. అది తనంతట తాను అంగుళం కూడా కదలలేదు. ప్రయాణికుల పెట్టె ఒక్కొక్కటి సుమారు 40 టన్నుల బరువు ఉంటుంది. దాన్ని రైలు నుంచి విడదీయాలి, ఒక షెడ్డు నుంచి మరో షెడ్డుకు చేర్చాలి, పని పూర్తయ్యాక తిరిగి వరుసలో కలపాలి. ఇలా బండ్లను విడదీసి, జరిపి, కలిపే పనినే రైల్వేలో షంటింగ్ అంటారు. ప్రయాణికులకు ఇది దాదాపు కనిపించదు. కానీ ఇది సాగకపోతే వర్క్‌షాపూ నడవదు, రైలూ బయలుదేరదు.

ఈ పనికి ఎలాంటి ఇంజను కావాలి? రైలు అంత బరువైనది కనుక ఇంజనూ భారీగా ఉండాలనిపిస్తుంది. రైల్వేలు పుట్టిన బ్రిటన్‌లో మాత్రం ఇరుకు రేవులకు, కర్మాగారాలకు ఇంజనీర్లు వేరే జవాబు చెప్పారు. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, చిన్న శరీరం. ఆ జవాబు వెనుక ఉన్న లెక్క అర్థమైతే, ఈ రోజు వర్క్‌షాపు యార్డుల్లో ఏ యంత్రం ఉండాలన్న ప్రశ్నకూ దారి దొరుకుతుంది.

రేవుల్లో పుట్టిన అవసరం

పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్ రేవులు ఓడలతో, గోదాములతో కిక్కిరిసి ఉండేవి. పట్టాలు వచ్చేసరికే అక్కడి వీధులు, గోడలు స్థిరపడిపోయాయి. అందుకే పట్టాలే గోదాముల మూలల చుట్టూ బాగా వంగి తిరగాల్సి వచ్చింది. ప్రధాన లైనులో నడిచే పొడవాటి ఇంజను ఆ వంపుల్లోకి వెళ్లలేదు.

లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే ఇందుకోసం 1886లో మూడు చిన్న ఇంజన్లు కొన్నది. తర్వాత అదే రకాన్ని తన హార్విచ్ వర్క్‌షాపులో 1910 వరకు తయారు చేసుకుంది. మొత్తం 57 ఇంజన్లు. ఒక్కోటి దాదాపు 21 టన్నులు. వీటిని ‘పగ్’ అని పిలిచేవారు. లివర్‌పూల్, గూల్ రేవుల్లో ఇవి దశాబ్దాల పాటు పనిచేశాయి. ఇప్పుడు రెండు మాత్రమే మిగిలాయి. సౌతాంప్టన్ రేవులో లండన్ అండ్ సౌత్ వెస్టర్న్ రైల్వే వారి ‘బీ4’ తరగతి ఇంజన్లు ఇదే పని చేశాయి. వాటి తయారీ 1891లో మొదలైంది.

డీజిల్ కాలం వచ్చినా ఈ ఆకారం పోలేదు. 1956లో స్కాట్లండ్‌లోని ఆండ్రూ బార్‌క్లే కంపెనీ బ్రిటిష్ రైల్వేస్ కోసం 153 హార్స్‌పవర్, 25 టన్నుల నాలుగు చక్రాల డీజిల్ ఇంజన్లు తయారు చేసింది. తర్వాత వీటికి ‘క్లాస్ 01’ అని పేరు పెట్టారు. వీటిలో చివరి రెండు వేల్స్‌లోని హోలీహెడ్ రేవు దగ్గర, సముద్రపు అలలను ఆపే పొడవాటి గోడ మీద రాళ్ల బండ్లు లాగుతూ 1980ల ఆరంభం దాకా కనిపించాయి.

నూటయాభై హార్స్‌పవర్ అంటే ఈనాటి ఒక పెద్ద కారు ఇంజను శక్తి. అంత శక్తితో వందల టన్నులను కదిలించడం ఎలా సాధ్యం? దానికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. నాలుగు చక్రాలే ఎందుకు?

సరళరేఖ, వృత్తం, రెండు బిందువులు

జవాబు బడిలో నేర్చుకున్న జ్యామితిలోనే ఉంది. ఒక సరళరేఖ ఒక వృత్తాన్ని ఎక్కువలో ఎక్కువ రెండు బిందువుల దగ్గరే ఖండించగలదు. మూడో బిందువుకు అవకాశం లేదు.

ఇంజను చట్రం ఉక్కుతో చేసిన సరళరేఖ లాంటిది. వంగదు. పట్టాల వంపు వృత్తంలో ఒక ముక్క. చట్రానికి రెండే ఇరుసులు ఉంటే ఆ రెండూ ఎంతటి వంపు మీదైనా సరిగ్గా కూర్చుంటాయి. మూడో ఇరుసును మధ్యలో పెట్టగానే చిక్కు మొదలవుతుంది. ముందు, వెనుక ఇరుసులు వంపు మీద ఉంటే మధ్య ఇరుసు లోపలి వైపు తప్పుకుంటుంది.

ఎంత తప్పుకుంటుందో లెక్కించడం సులువు. చివరి ఇరుసుల మధ్య దూరాన్ని వర్గం చేసి, వంపు వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించాలి. చివరి ఇరుసుల మధ్య దూరం 4.5 మీటర్లు ఉన్న ఆరు చక్రాల ఇంజనును తీసుకుందాం. ప్రధాన లైనులో 300 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో మధ్య ఇరుసు తప్పుకునేది 8 మిల్లీమీటర్లే. రేవులో 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో అదే ఇరుసు 50 మిల్లీమీటర్లు తప్పుకోవాలి. చక్రం పట్టా మీద నిలవడానికి లోపలి వైపు ఒక అంచు ఉంటుంది. మన దేశపు బ్రాడ్‌గేజిలో ఆ అంచులకు, పట్టాలకు మధ్య ఉండే మొత్తం ఖాళీ సుమారు 19 మిల్లీమీటర్లు. ఎనిమిది మిల్లీమీటర్లు ఆ ఖాళీలో ఇముడుతుంది. యాభై ఇమడదు. ఇంజను ఇరుక్కుపోతుంది, లేదా పట్టా దిగుతుంది.

ఆరు చక్రాలతో వంపు తిరగడం అసాధ్యమేమీ కాదు. మధ్య చక్రాలకు అంచు తీసేయవచ్చు, ఇరుసు పక్కకు జరిగేలా వదులు ఇవ్వవచ్చు, ఇరుసులను దగ్గరగా పెట్టవచ్చు. సౌతాంప్టన్ రేవులో బీ4 ఇంజన్ల స్థానంలోకి 1947 ప్రాంతంలో వచ్చిన అమెరికా ఇంజన్లు ఆరు చక్రాలవే. వాటి చివరి ఇరుసుల మధ్య దూరం మూడు మీటర్లే కావడం ఆ ఎంపికకు ఒక కారణం. కానీ ఈ ఉపాయాలన్నీ ఒక ఇబ్బందికి మందులు. నాలుగు చక్రాల బండికి ఆ ఇబ్బందే లేదు.

రెండు ఇరుసులే ఉన్నా దూరం ముఖ్యమే. అవి ఎంత దూరంగా ఉంటే చక్రం పట్టాను అంత ఏటవాలుగా ఒరుసుకుంటుంది. 50 మీటర్ల వంపులో ఇరుసుల మధ్య 1.75 మీటర్ల దూరం ఉంటే ఆ కోణం సుమారు ఒక డిగ్రీ. అదే 4.5 మీటర్లు ఉంటే దాదాపు రెండున్నర డిగ్రీలు. కోణం పెరిగితే చక్రమూ, పట్టా కూడా త్వరగా అరుగుతాయి.

ఈ సూత్రాన్ని చూడాలంటే ఇంగ్లండు దాకా వెళ్లనక్కర్లేదు. లిలువా ఉన్న పశ్చిమ బెంగాల్‌లోనే డార్జిలింగ్ హిమాలయన్ రైల్వే ఉంది. 1889 నుంచి అక్కడికి వచ్చిన ‘బీ’ తరగతి ఆవిరి ఇంజన్లు నాలుగు చక్రాలవే. 18 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపుల్లో కూడా అవి తిరగగలవు. వాటి పని షంటింగ్ కాదు, కొండ ఎక్కడం. అయినా వంపు అడిగిన ఆకారం మాత్రం ఒకటే.

మనం రోజూ ఎక్కే పెట్టె కింద దాగి ఉన్నదీ ఇదే. వాడుకలో మనం రైలు పెట్టెను ‘బోగీ’ అంటాం. ఇంజనీర్ల భాషలో బోగీ అంటే పెట్టె కింద తిరిగే చక్రాల చట్రం. 20 మీటర్లు దాటిన పెట్టె వంపులో తిరగగలుగుతోందంటే, రెండు కొసల్లోనూ నాలుగేసి చక్రాల చిన్న బండి ఒకటి స్వతంత్రంగా తిరుగుతూ ఉండటమే కారణం.

శక్తి కాదు, పట్టు

ఇప్పుడు లాగే బలం సంగతి. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం చాలా తేలిగ్గా దొర్లుతుంది. రోలర్ బేరింగులు ఉన్న పెట్టెను సమతల నేల మీద కదిలించడానికి టన్నుకు సుమారు 5 కిలోల బలం చాలు. అంటే 40 టన్నుల పెట్టెకు 200 కిలోల బలం. పది మంది కలిసి తోస్తే అది కదులుతుంది.

వంపు, వాలు ఉంటే లెక్క మారుతుంది. బ్రాడ్‌గేజిలో అనుమతించే అతి తీవ్రమైన వంపు వ్యాసార్ధం 175 మీటర్లు. అక్కడ ఒరిపిడి వల్ల టన్నుకు ఇంకో 4 కిలోలు కావాలి. యార్డులో 400 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎత్తు పెరిగితే టన్నుకు 2.5 కిలోలు కలుస్తాయి. ఆగి ఉన్న బండికి సెకనుకు 2 మీటర్ల వేగం 40 సెకన్లలో రావాలంటే మరో 5 కిలోలు. అన్నీ కలిపితే టన్నుకు 16.5 కిలోలు.

ఇంజను ఎంత బలంతో లాగగలదన్నది మొదట దాని శక్తి మీద కాదు, చక్రానికి పట్టా మీద ఉన్న పట్టు మీద ఆధారపడుతుంది. పొడి పట్టా మీద ఆ పట్టు, తిరిగే చక్రాల మీద పడే బరువులో సుమారు నాలుగో వంతు. 25 టన్నుల ఇంజనులో నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పుతుంది. బరువులో ఒక్క కిలో కూడా వృథా కాదు. కాబట్టి దొరికే బలం 6,250 కిలోలు. దాన్ని 16.5తో భాగిస్తే దాదాపు 379 టన్నులు. ఇంజను సొంత బరువు తీసేస్తే 354. అంటే ఎనిమిది పెట్టెలు.

శక్తి ఎక్కడ సరిపోయింది? బలాన్ని వేగంతో గుణిస్తే శక్తి వస్తుంది. 153 హార్స్‌పవర్ అంటే సుమారు 114 కిలోవాట్లు. 6,250 కిలోల బలంతో లాగుతూ అంత శక్తితో నడవగల వేగం, నష్టాలు లేవనుకున్నా, సెకనుకు రెండు మీటర్ల లోపే. గంటకు ఆరేడు కిలోమీటర్లు. మనిషి చకచకా నడిచే వేగం. షంటింగ్‌కు కావాల్సిందీ అంతే. కారు ఇంజను అదే శక్తిని ఎక్కువ వేగంగా, తక్కువ బలంగా ఖర్చు చేస్తుంది. షంటింగ్ ఇంజను గేర్ల సాయంతో దాన్ని తక్కువ వేగంగా, ఎక్కువ బలంగా మార్చుకుంటుంది.

పట్టు తగ్గితే మాత్రం గేర్లు ఆదుకోలేవు. వాన పడినా, పట్టా మీద నూనె చిందినా పట్టు నాలుగో వంతు నుంచి పదో వంతుకు పడిపోవచ్చు. అప్పుడు అదే ఇంజను, అదే వంపు, అదే వాలు మీద కదిలించగలిగేది మూడు పెట్టెలే. వర్షాకాలపు బెంగాల్‌లో ఇది కాగితం మీది లెక్క కాదు. చక్రాల ముందు ఇసుక చల్లే ఏర్పాటు ఇంజన్లకు ఉండేది ఇందుకే. బాయిలరు మీద గుర్రపు జీనులా నీటి తొట్టిని కూర్చోబెట్టడం వల్ల కూడా పట్టుకు మేలు జరిగేది. నీటి బరువంతా చక్రాల మీదే పడుతుంది. నీరు ఖర్చయ్యేకొద్దీ ఆ మేలు తగ్గుతూ పోయేది.

పొట్టితనానికి చెల్లించే ధర

నాలుగు చక్రాల ఇంజను ప్రధాన లైను మీద ఎందుకు కనిపించదంటే, దాని బలమే అక్కడ లోపమవుతుంది. ఇరుసులు దగ్గరగా ఉండి, శరీరం రెండు వైపులా బయటికి వేలాడుతుంటే, పట్టాలోని ప్రతి అతుకు దగ్గరా బండి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆవిరి ఇంజనులో పిస్టన్ల కదలిక దానికి అటూ ఇటూ ఊపును కూడా జోడిస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఊపు పెరుగుతుంది. క్లాస్ 01 ఇంజను గరిష్ఠ వేగం గంటకు పాతిక కిలోమీటర్ల లోపే.

అందువల్ల దీన్ని చిన్నబుచ్చుకున్న పెద్ద ఇంజనుగా చూడకూడదు. వేగాన్ని పూర్తిగా వదులుకుని వంపును, పట్టును గెలుచుకున్న యంత్రం ఇది.

రెండు పెట్టెల మధ్య మనిషి

ఇక్కడిదాకా చెప్పినదంతా ఉక్కు గురించే. షంటింగ్‌లో మనిషి కూడా ఉంటాడు. పెట్టెలను కలిపే, విడదీసే కార్మికుడు రెండు బండ్ల మధ్యకు వెళ్లాల్సి ఉంటుంది.

నడక వేగంతో, అంటే గంటకు 5 కిలోమీటర్లతో వచ్చే 40 టన్నుల పెట్టెలో ఉండే గతిజ శక్తి దాదాపు 39 వేల జౌళ్లు. ఒక టన్ను కారును నాలుగు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే నేలను తాకేటప్పుడు ఉండే శక్తి అంతే. నెమ్మదిగా, చప్పుడు లేకుండా వచ్చే పెట్టె ప్రమాదకరంగా కనిపించదు. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. వేగం రెట్టింపైతే ఆ శక్తి నాలుగు రెట్లవుతుంది.

బ్రిటన్‌లో షంటింగ్ కార్మికుల మరణాలు, గాయాలు ఎంత తీవ్రంగా ఉండేవంటే, రాయల్ కమిషన్ విచారణ తర్వాత 1900లో రైల్వే ఉద్యోగుల ప్రమాదాల నివారణకు ప్రత్యేక చట్టం తెచ్చారు. లిలువాకు వర్క్‌షాపు తరలిన సంవత్సరం కూడా అదే. ప్రమాదం చరిత్రలోనే ఉండిపోలేదు. 2024 నవంబరులో బిహార్‌లోని బరౌనీ జంక్షనులో, ఇంజనును పెట్టెల నుంచి విడదీసే పనిలో ఉన్న ఒక రైల్వే కార్మికుడు ఇంజనుకు, పెట్టెకు మధ్య నలిగి చనిపోయాడు.

ఇలాంటి ప్రమాదాలకు యంత్రం ఒక్కటే జవాబు కాదు. సంకేతాలు, శిక్షణ, తగినంత మంది సిబ్బంది, ఇద్దరి మధ్య స్పష్టమైన మాట, ఇవన్నీ కావాలి. యంత్రం పాత్ర కూడా తక్కువేమీ కాదు. 1962 నుంచి మన దేశంలో నడిచిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను 2,600 హార్స్‌పవర్ శక్తి, దాదాపు 113 టన్నుల బరువు ఉన్నది. ప్రధాన లైనుకు తగిన యంత్రం. అదే నడక వేగంతో కదులుతుంటే దాని సొంత బరువులోనే 1,09,000 జౌళ్ల శక్తి ఉంటుంది. 25 టన్నుల ఇంజనులో ఉండేది 24 వేలు. ఒకటి రెండు పెట్టెలను కొద్ది అంగుళాలు జరపాల్సినప్పుడు, ఆపాల్సిన బరువు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. చిన్న ఇంజను నుంచి డ్రైవరుకు రెండు వైపులా బండ్ల కొసలు, అక్కడ నిలబడ్డ మనిషి కనిపించడం కూడా సులువే.

నిప్పు లేని ఇంజను నుంచి బ్యాటరీ దాకా

షంటింగ్ ఇంజను రోజులో ఎక్కువ సేపు ఊరికే నిలబడి ఉంటుంది. ఆవిరి కాలంలో దాని ఖర్చు తెలిసేది. పది నిమిషాల పనికి కూడా బాయిలరులో నిప్పు రోజంతా ఆరకూడదు. దీనికి కర్మాగారాలు కనిపెట్టిన ఒక ఉపాయం ‘నిప్పు లేని ఇంజను’. దానిలో బొగ్గు ఉండదు. కర్మాగారంలోని బాయిలరు నుంచి అధిక పీడనం గల ఆవిరిని పెద్ద తొట్టిలోని నీటిలోకి నింపుతారు. ఆవిరిని వాడుకునేకొద్దీ పీడనం తగ్గుతుంది, పీడనం తగ్గితే నీరు మరిగే ఉష్ణోగ్రతా తగ్గుతుంది. దాంతో వేడెక్కి ఉన్న నీరు తనంతట తానే మళ్లీ ఆవిరవుతుంది. నిప్పు రవ్వలు ఎగరవు కనుక మంటలకు భయపడే చోట్ల ఇది సురక్షితం. సింద్రీ ఎరువుల కర్మాగారంలో పనిచేసిన ఇలాంటి ఇంజను ఒకటి ఇప్పుడు ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది.

అదే మ్యూజియంలో ‘ఫీనిక్స్’ కూడా ఉంది. ఈస్ట్ ఇండియన్ రైల్వే కోసం 1907లో ఇంగ్లండులో ఆవిరి రైలుకారుగా తయారైన దీన్ని తర్వాత జమాల్‌పూర్ వర్క్‌షాపులో చిన్న షంటింగ్ ఇంజనుగా మార్చారు. యార్డుకు ప్రత్యేకంగా చిన్న యంత్రం కావాలన్న గ్రహింపు మన రైల్వేలకు కొత్తది కాదు.

ఈనాటి జవాబు బ్యాటరీ. ముందు లెక్కించిన ఎనిమిది పెట్టెలను 200 మీటర్లు జరపడానికి అయ్యే శక్తి ఎంత? కదిలాక దొర్లే నిరోధం తగ్గుతుంది. వంపు, వాలు కలుపుకున్నా మొత్తం ఖర్చు దాదాపు రెండు యూనిట్ల కరెంటు. మోటారు, ఛార్జింగ్ నష్టాలు కలిపితే ఇంకాస్త. ఇంట్లో ఒక ఏసీ రెండు మూడు గంటలు నడిస్తే అయ్యేంత. పెట్టెలు నిలబడి ఉన్నప్పుడు మోటారుకు ఖర్చే లేదు. డీజిల్ ఇంజను మాత్రం నిలబడి ఉన్నా ఇంధనం తాగుతూనే ఉంటుంది. షెడ్డు లోపల పనిచేసే వారికి పొగ, రొద బెడద కూడా తగ్గుతుంది.

విద్యుత్ కారుకు బ్యాటరీ బరువు ఒక భారం. ఇక్కడ అదే బరువు చక్రాలకు పట్టునిస్తుంది. పాత ఇంజనులో బాయిలరు మీది నీరు చేసిన పనిని బ్యాటరీ చేస్తుంది. నీటిలా అది పని మధ్యలో తరిగిపోదు కూడా.

లిలువా లాంటి వర్క్‌షాపు ఒక యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు ఈ లెక్కల్లోంచే వస్తాయి. యార్డులో అతి తీవ్రమైన వంపు ఎంత? ఒకేసారి జరపాల్సిన పెట్టెలు ఎన్ని? వాన రోజున పట్టు ఎంత మిగులుతుంది? రోజులో ఎంత సేపు ఊరికే నిలబడుతుంది? రెండు బండ్ల మధ్యకు వెళ్లే మనిషి డ్రైవరుకు కనిపిస్తాడా? హార్స్‌పవర్ ఎంత అన్న ప్రశ్న వీటన్నిటి తర్వాతే వస్తుంది.